తలకి రెండు ఎగ్ బైట్స్

నవ్వనని ఒట్టేస్తేనే చెప్తా. వేశారా? సరే, వినండర్రా. మా టీమ్ కోసం అంత కష్టపడి నేర్చుకున్న బ్రేక్‌ఫాస్ట్‌ని టీమ్‌లో ఒక్కరంటే ఒక్కరు తినలేదు. తిన్నది ఎవరో తెలుసా? పోలీసులు! అదీ నన్ను పట్టుకున్న పోలీసులు!

అలా చూడకండి. నేను ఏ తప్పూ చెయ్యలేదు. అడిగిన ప్రతిదానికీ నిజమే చెప్పా. అదే కొంప ముంచింది.

మంగళవారం బంద్ అని శుక్రవారమే తెలిసిపోయింది. మాకేమో సరిగ్గా ఆ రోజే సాఫ్ట్‌వేర్ రిలీజ్. క్లయింటుకి బంద్ అంటే ఏంటో చెప్పేంత ఇంగ్లీషు మా ఆఫీసులో ఇంకా ఎవరికీ రాలేదు. "హాలిడేనా? కాదా? మరి పని ఎందుకు చెయ్యరు?" అంటాడు ఆయన. దాంతో మా మేనేజర్ మూర్తి గారు, "రోడ్లు మూసేలోపు, తెల్లారకముందే క్యాబ్ ఎక్కి వచ్చేయండి" అన్నారు. ఈ తెలంగాణ ఉద్యమం మొదలైనప్పటి నుంచి అది మాకు అలవాటే. కానీ తిండి? ఆఫీసు క్యాంటీన్ బంద్, బయట హోటళ్ళు బంద్. పోయినసారి బంద్‌కి పన్నెండు మందిమీ మధ్యాహ్నం దాకా బిస్కెట్లతో బతికాం. కిరణ్ అయితే కళ్ళు తిరిగి కీబోర్డు మీద పడ్డాడు. వాడి నుదురు టైప్ చేసిన అక్షరాలు కూడా క్లయింటు సైట్‌లోకి వెళ్ళిపోయేవే, నేను చూడబట్టి సరిపోయింది!

అందుకే మీటింగులో లేచి నిలబడ్డా. "బ్రేక్‌ఫాస్ట్ నాకు వదిలేయండి. ఎవ్వరూ ఏమీ తేవద్దు. ఎగ్ బైట్స్ చేసుకొస్తా. ముందు రోజే చేసి ఫ్రిజ్‌లో పెట్టేస్తే, పొద్దున కాస్త వేడి చేసుకుని తినెయ్యడమే."

"అంటే ఏంటండీ అవి?" అన్నారు మూర్తి గారు.

"క్రీమీగా ఉంటాయి సార్. నోట్లో పెట్టుకుంటే చాలు, కరిగిపోతాయి."

నిజానికి అప్పటికి వాటిని నేను చూసింది ఇంటర్నెట్ వీడియోలో మాత్రమే. అయితే ఏంటి? నాకు ఏదైనా ఒక్కసారి చూస్తే వచ్చేస్తుంది. స్కూటీ కూడా అలాగే వచ్చింది. ఆ గోడ సంగతి వదిలేయండి.

మణికొండలో నా ఫ్లాట్‌మేట్ రజిత, కరీంనగర్ పిల్ల, మా ఆఫీసే, పక్క టీమ్. నాది ఏలూరు. ఇద్దరం ఒకే ప్లేట్‌లో తింటాం, ఒకే టీవీ ముందు కొట్టుకుంటాం. రాష్ట్రం సంగతేమో గానీ మా ఫ్రిజ్ ఎప్పుడో విడిపోయింది. పై అర ఆమెది, కింది అర నాది, ఫ్రీజర్ మీద ఇంకా చర్చలు నడుస్తున్నాయి. ఆ రజిత నా ప్లాన్ అంతా విని ఒక్క మాటంది.

"గుడ్డుకు గింత తతంగమేందే? ఉడకబెట్టి ఉప్పుకారం జల్లుకుంటే అయిపాయె!"

"నీకు టేస్ట్ లేదు" అన్నా.

ఆదివారం చర్చి నుంచి రాగానే మొదటి ట్రయల్. గుడ్లు, పనీర్, మీగడ, ఉప్పు, మిరియాల పొడి మిక్సీలో తిప్పి, చిన్న చిన్న స్టీలు గిన్నెల్లో పోసి, ఓవెన్ ఫుల్ హీట్‌లో పెట్టా. అబ్బో, పూరీల్లా పొంగాయి! "చూశావా!" అని రజితని పిలిచేలోపే సొట్టపడి కూర్చున్నాయి. ఆమె ఒకటి తీసి నేలకేసి కొట్టింది. ఎగిరి సోఫా కిందికి పోయింది.

"క్రీమీగనే ఉన్నది" అంది రజిత.

నేను వదుల్తానా? వీడియో మళ్ళీ చూశా. గిన్నెల్ని వేడినీళ్ళు పోసిన ట్రేలో కూర్చోబెట్టి సన్నటి వేడి మీద నెమ్మదిగా ఉడకనివ్వాలట. అంతే! రెండో వాయి ఓవెన్‌లోంచి తీస్తే గిన్నె కదిపినప్పుడల్లా మెల్లగా వణుకుతోంది. స్పూను పెడితే వెన్నలా దిగిపోయింది. రజిత మూడు తిని, నాలుగోది తీసుకుంటూ "ఏమో, పర్లేదు" అంది. కరీంనగర్ భాషలో అది పెద్ద అవార్డు. మిగిలినవి డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచా. నా అరలోనే.

ఇక మిగిలింది గుడ్లు కొనుక్కుని అసలు వాయిలు వెయ్యడమే. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ మణికొండ అంతా తిరిగా. ఒక్క గుడ్డు లేదు! రేపు బంద్ అని జనం పాలు, కూరగాయలు, గుడ్లు ఊడ్చేశారు. ఎవరో నానక్‌రామ్‌గూడలో చికెన్ షాపులో ఉంటాయంటే స్కూటీ అటు తిప్పా. దొరికాయి! టీమ్‌కీ, క్యాబ్ డ్రైవర్లకీ, సెక్యూరిటీ వాళ్ళకీ కలిపి రెండు అట్టలు, అరవై గుడ్లు. పక్కన బండి మీద బాగా మగ్గిన టమాటాలు చవగ్గా ఇస్తుంటే, సాస్ చేద్దామని ఒక సంచీ నిండా పోయించుకున్నా. అట్టలు రెండూ తాడుతో కట్టించి కాళ్ళ దగ్గర పెట్టుకుని, టమాటాలు హ్యాండిల్‌కి తగిలించుకుని, ఈల వేసుకుంటూ బయల్దేరా.

మలుపు తిరిగానో లేదో, బారికేడ్లు. పోలీసులు. ఎవరో మంత్రి గారు బిల్డింగ్ ఓపెనింగ్‌కి అటే వస్తున్నారట. ఈ మధ్య మంత్రులు ఎక్కడ కనిపించినా గుడ్లు ఎగురుతున్నాయి కదా. అది నాకు తెలుసు, టీవీలో రోజూ చూస్తూనే ఉన్నా. కానీ నా గుడ్లకీ దానికీ సంబంధం ఉంటుందని ఎందుకు తడుతుంది చెప్పండి?

కానిస్టేబుల్ ఒకాయన లాఠీతో అట్ట మీద మెల్లగా తట్టాడు. "ఏందమ్మా గివి?"

"గుడ్లండి."

"అది కనవడుతనే ఉన్నది. గిన్ని ఎందుకు?"

"రేపు పొద్దున మా వాళ్ళందరికీ వేద్దామనండి."

"ఏద్దామనా? ఎన్ని?"

"తలకి రెండు."

లాఠీ ఆగిపోయింది. "తలకు రెండా!"

"అవునండి. మా మూర్తి గారికి మాత్రం నాలుగు వెయ్యాలి. ఆయనకి రెండు ఏ మూలకీ ఆనవు."

"ఒక్కదానివే ఉన్నవా, ఇంక ఎవలన్న ఉన్నరా?"

"పన్నెండు మందిమండి. శుక్రవారమే మీటింగ్ పెట్టుకుని అనుకున్నాం."

"మీ లీడర్ ఎవలు?"

"నేనేనండి లీడ్!" టెస్ట్ లీడ్ అయ్యి ఇంకా నెల కాలేదు, నాకెంత గర్వం ఉంటుంది! వెంటనే మెళ్ళో ఐడీ కార్డు తీసి చూపించా కూడా.

"రేపేమున్నది?"

"రిలీజండి."

"ఎవల రిలీజ్? లోపలున్నోళ్లదా?" అని ఆయన ఇక ఆగలేక వెనక్కి తిరిగి కేకేశాడు. "సార్! జర ఇటు రాండ్రి సార్! లీడరే దొరికింది!"

ఎస్సై గారు వచ్చారు. పాపం, పొద్దుట్నుంచీ ఎండలో నిలబడ్డట్టుంది, మొహం వాడిపోయి ఉంది. అట్టల వైపు చూశారు, నా వైపు చూశారు. "ఏం చేస్తవమ్మా గుడ్లతోని?"

ఈసారి వివరంగా చెబితే అర్థం చేసుకుంటారనుకున్నా. "ఎగ్ బైట్స్ సార్."

"ఓహో! ఎగ్గులేసుడు, మళ్ల టీవీలోళ్లకు బైట్సు గూడ ఇచ్చుడా?"

"టమాటలు గూడ ఉన్నయ్ సార్," అని కానిస్టేబుల్ ఒకటి నొక్కి చూపించాడు. "మెత్తగైనయే ఏరి తెచ్చింది."

అప్పుడు వెలిగింది నాకు! తలకి రెండు, లీడర్ని నేనే, పన్నెండు మంది, శుక్రవారం మీటింగ్... ఓరి దేవుడో! "సార్, వేద్దామంటే ప్లేట్లో వేద్దామని సార్! తినడానికి!" అని అరిచా. ఎవరూ నమ్మినట్టు లేరు. స్కూటీ పక్కన పెట్టించి, నన్ను టెంట్‌లో కుర్చీలో కూర్చోబెట్టారు. గుడ్లకి కూడా ఒక కుర్చీ వేశారు.

రజితకి ఫోన్ చేశా. "పోలీసులు పట్టుకున్నారే! ఫ్రిజ్‌లో నా అరలో డబ్బా ఉంది, తీసుకుని వెంటనే రా."

"డబ్బా ఎందుకే? జైల్ల తింటవా?"

"సాక్ష్యం!"

షేర్ ఆటోలో వచ్చింది మహాతల్లి. దిగుతూనే ఎస్సై గారికి నమస్తే పెట్టి మొదలుపెట్టింది. "సార్, ఈమెకు గుడ్డు సక్కగ పగులగొట్టుడే రాదు, ఇసిరేసుడేంది సార్? ఇసిరినా మంత్రికి తాకది, మీకే తాకుతది. గీమెను చూసి పరేషాన్ గాకుండ్రి. గివి చేస్తాంది, మీరే తిని చూడుండ్రి." అని డబ్బా మూత తీసింది.

పరువు తీసిందో, కాపాడిందో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నా.

ఎస్సై గారు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసి, కొరికారు. నమిలారు. ఆగారు. నా ప్రాణం ఆయన దవడల మధ్యే ఉంది.

"జున్ను లెక్కనే ఉన్నది!" అన్నారు.

అంతే, టెంట్‌లో ఉన్నవాళ్ళంతా చేతులు పెట్టారు. క్షణంలో డబ్బా ఖాళీ. కానిస్టేబుల్ గారు మూతకంటుకున్నది కూడా గీక్కుని తిన్నారు. నేను గెలిచేసినట్టే అనుకుని లేచి అట్టలు అందుకోబోయా.

"నువ్వు పో అమ్మా. గుడ్లు పోవద్దు," అన్నారు ఎస్సై గారు.

"అదేంటి సార్!"

"కాన్వాయ్ పోయేదాక ఈ రోడ్డు మీద పచ్చిగుడ్డు కదలొద్దని పైనుంచి ఆర్డర్. నువ్వు మంచిదానివే, కానీ నీ చేతులకెళ్లి ఎవడన్న గుంజుకుంటే? ఫికర్ చెయ్యకు, రేపు వచ్చి తీస్కపో."

రేపు ఏం చేసుకుంటా? అప్పటికే షాపుల షట్టర్లు ధడాధడా పడుతున్నాయి. ఎవ్వరూ ఏమీ తేవద్దని పన్నెండు మందికీ చెప్పింది నేనే. మళ్ళీ కిరణ్ కీబోర్డు మీద పడటం కళ్ళ ముందు కనిపించింది. నిజం చెప్తున్నా, అంతసేపూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. "అయితే నేనూ కదలను, గుడ్లతో పాటే ఉంటా" అని మళ్ళీ కుర్చీలో కూలబడ్డా.

అప్పుడు రజిత మెల్లగా గొంతు సవరించుకుంది. "సార్, పచ్చియి పోవద్దు, సరే. ఉడకబెడితే పోవచ్చు గదా?"

ఎస్సై గారు ఆలోచించారు. కానిస్టేబుల్ గారికి డౌటొచ్చింది. "సార్, ఉడికింది తాకితే ఇంకెక్కువ నొస్తది గద సార్?"

"ఊకోవయ్యా. ఉడికిన గుడ్డును ఎవడన్న ఇసిరేస్తడా? తింటడు!"

పక్కనే కట్టెయ్యబోతున్న చాయ్ బండిని ఆపించారు. పాలు కాచే పెద్ద గంజులో నీళ్ళు పోయించి, స్టవ్ వెలిగించి, నేనూ రజితా గుడ్లు దింపాం. నా పనీర్, నా మీగడ, నా సన్నటి వేడి, అన్నీ ఆవిరైపోయాయి. రజిత చూపులోనే ఉప్పూ కారం రెండూ ఉన్నాయి.

ఉడికాక చూస్తే పోలీసుల్లో ఎవరూ పొద్దుట్నుంచీ సరిగా తిన్నట్టు లేరు. మనసొప్పుతుందా? ఒలిచి అందరికీ పంచా. "తలకి రెండు!" అని గట్టిగా చెప్పి మరీ వేశా. కానిస్టేబుల్ గారు నవ్వలేక చచ్చారు. మిగిలినవి వేడివేడిగా సంచీలో పోసుకుని స్కూటీ స్టార్ట్ చేశామో లేదో, వెనక వైర్‌లెస్ గరగరలాడింది. మంత్రి గారి ప్రోగ్రాం క్యాన్సిల్!

ఎస్సై గారు నా వైపు చూడలేదు. నేనూ ఆయన వైపు చూడలేదు.

మర్నాడు తెల్లారకముందే ఆఫీసుకెళ్ళి, ప్లేట్లలో గుడ్లు సర్ది, పక్కనే టమాటా సాస్ పెట్టా. అందరూ ఎగబడి తిన్నారు, కిరణ్ నిటారుగా కూర్చుని పని చేశాడు, రిలీజ్ ఒక్క బగ్ లేకుండా అయిపోయింది. అంటే చెప్పిన మాట నిలబెట్టుకున్నట్టే కదా? మూర్తి గారు మాత్రం గుడ్డుని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతున్నారు.

"గ్రేస్ గారూ, ఏవో ఎగ్ బైట్స్ అన్నారు కదండీ?"

"ఇవే సార్."

"ఇది గుడ్డు కదండీ?"

"కొరకండి సార్. బైట్ అదే వస్తుంది."

వెనకనుంచి రజిత వచ్చి ఆయన ప్లేట్‌లో ఉప్పుకారం జల్లి వెళ్ళిపోయింది.

ఇప్పుడూ చెప్తున్నా, నా ఎగ్ బైట్స్‌కి ఈ సైబరాబాద్‌లోనే తిరుగు లేదు. నమ్మకపోతే నా టీమ్‌ని అడక్కండి, వాళ్ళకి తెలీదు. ఏదైనా బందోబస్తులో పోలీసుల్ని అడగండి. కాకపోతే నా పేరు గ్రేస్ అంటే వాళ్ళు గుర్తుపట్టరు. "తలకి రెండు లీడర్" అనాలి.