వీరాస్వామి మేస్త్రి కట్టిన బ్రేకులు

కోల్డ్ స్టోరేజీ గేటు ముందు లారీలు బారులు తీరినప్పుడు మిరపకాయల ఘాటులో కాలిన బ్రేకు లైనరు వాసన కలుస్తుంది. ఈ ఉదయం కూడా కలిసింది. బండి దిగి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. వేడి మామూలుగానే ఉంది. అయినా కాసేపు అక్కడే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు లారీలు బాగుచేసే వీరాస్వామి మేస్త్రి గుర్తుకొస్తారు.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు నాన్న బస్తాల మీంచి జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నారు. మా పాత మినీ లారీ తప్ప ఇంటికి వేరే ఆధారం లేదు. నాకు లైసెన్సు వచ్చి నెల కూడా కాలేదు, అయినా నేనే తోలతానన్నాను. అమ్మ ఏడ్చింది. నాన్న మాత్రం, "ముందు బండిని మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లమ్మా. ఆయన సరేనంటే తోలు," అన్నారు.

సత్తెనపల్లి దాటాక పత్తి చేల మధ్య ఒంటరిగా ఉండేది ఆయన షెడ్డు. అరవై దాటిన మనిషి, మాట తక్కువ. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "నువ్వు తోలేదైతే నువ్వే విప్పాలమ్మాయ్," అన్నారు. వారం రోజులు ఇద్దరం విప్పాం. బరువు మోసి కుంగిపోయిన చక్రాల మీది కమాను కట్టలు దించి విరిగిన పట్టీలు మార్చాం. అరిగిన పిన్నులు, బుష్‌లు, గీతలు పడ్డ డ్రమ్ములు, లైనర్లు అన్నీ తీసి కొత్తవి వేశాం. ఒక్క సంగతి మాత్రం నాకు వింతగా ఉండేది. పని చేస్తూ చేస్తూ ఆయన డ్రైవరు సీటు వైపు చూసేవారు, అక్కడ ఎవరూ లేనప్పుడు కూడా.

ఆఖరి రోజు మిట్టమధ్యాహ్నం, చేలల్లో పిట్ట కూడా కదలని ఎండ. బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీస్తున్నాం. నేను సీట్లో కూర్చుని పెడల్ నొక్కాలి, ఆయన బండి కింద పడుకుని, "నొక్కు... పట్టుకో... వదులు," అని చెబుతారు. నాలుగు చక్రాలూ అయిపోయాయనుకున్నాను. కాసేపటికి కిందనుంచి మళ్లీ, "గట్టిగా నొక్కు," అని వినిపించింది. నొక్కాను. పెడల్ మెత్తగా అడుగుదాకా దిగిపోయింది. తలెత్తితే, మేస్త్రిగారు రోడ్డవతల బోరు దగ్గర ముఖం కడుక్కుంటున్నారు.

దిగి వంగి చూశాను. కింద ఎవరూ లేరు. వెనక ఎడమ చక్రం దగ్గర గొట్టం చిట్లి నేలమీదికి బ్రేకాయిలు కారుతోంది.

ఆయన రాగానే, "ఎవరో కిందనుంచి నొక్కమన్నారండి," అన్నాను.

ఆయన నవ్వలేదు. "మగపిల్లాడి గొంతా?" అని అడిగారు.

"అవునండి. నా ఈడు వాడిదిలా ఉంది."

ఆయన అక్కడే చతికిలబడ్డారు. అప్పుడు చెప్పారు. ఎన్నో ఏళ్ల కిందట నా వయసు కుర్రాడొకడు ఇలాంటి పాత బండే తెచ్చాడట. వెనక గొట్టం తుప్పుపట్టిందని తెలిసినా, లోడు ఆలస్యమవుతోందని అతను తొందరపెడితే, ఈ సీజనుకి ఆగుతుందిలే అని పంపేశారట. నల్లమల కొండదారి దిగుతూ బ్రేకులు పడక ఆ కుర్రాడు లోయలోకి పోయాడు.

"నీ బండి గొట్టం కూడా చూశానమ్మా. పైకి బాగానే కనబడింది," అన్నారు.

మర్నాడు పొద్దున్నే చేసిన పనంతా మళ్లీ విప్పాం. ఒక్క పాత గొట్టం కూడా మిగల్చలేదు.

మొదటి లోడుకి ఆయనే నాతో వచ్చారు. కాలువ వంతెన దిగుడులో, "ఆపమ్మా," అన్నారు. నలభై బస్తాలతో బండి ఏ పక్కకీ లాగకుండా నిలబడింది.

"సరిపోయిందా?" అని అడిగారు.

సరిపోయిందండి అనబోయి ఆగిపోయాను. ఆయన చూస్తున్నది నా వైపు కాదు. మా ఇద్దరి మధ్య ఖాళీ జాగా వైపు చూస్తూ, జవాబు కోసం ఆగారు. కాసేపటికి తలూపి, "ఇక పోనివ్వు," అన్నారు.

ఆయన పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు నాకు రెండు బండ్లున్నాయి. లోడు ఎంత తొందరైనా ముందు వాటి కిందికి దూరి గొట్టాలు తడిమి చూసుకుంటాను. డ్రైవర్లు చాదస్తమనుకుంటారు. ఆ మధ్యాహ్నం విన్నదేమిటో నాకిప్పటికీ తెలియదు. ఆ గొంతు మళ్లీ వినబడలేదు. వినబడాల్సిన అవసరం రాకుండా చూసుకోవడమే నా పని అనుకుంటాను.