సేఫ్ పార్కింగ్ లేని వీధి

ఒక మనిషిని గౌరవించాలని మీకంత మనసుంటే, ఆమె వీధిలో రెండు గంటలు కారు ఆపడానికి ఎందుకు వణుకుతారు?

పోయిన నెల మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ వచ్చింది. జెర్సీ సిటీలో ఒక చర్చి కింద గదిలో ఆ పేట నల్లజాతి కుటుంబాల చరిత్రను జీవితమంతా కాపాడుతూ వచ్చిన పెద్దావిడ రిటైర్ అవుతున్నదనీ, ఆమెకు సన్మానం చేస్తున్నామనీ, అయితే పార్కింగ్ సేఫ్టీ దృష్ట్యా వెన్యూను ఆ చర్చి నుంచి మనవాళ్ళ దుకాణాలుండే ఐసెలిన్‌లోని బాంక్వెట్ హాలుకు మార్చామనీ దాని సారాంశం. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. పంపినవాడు సంఘం కార్యదర్శి, నా భార్య తమ్ముడు.

ఆ పెద్దావిడ ఇంటి కింది వాటాలోనే అమెరికాలో నేను మొదటి కాపురం పెట్టాను. మనవాళ్ళంతా వద్దన్నారు, ఏరియా మంచిది కాదన్నారు. ఎందుకు కాదో చెప్పమంటే, అక్కడెవరుంటారో తెలీదా అన్నారు. అంతకు మించిన హేతువు ఈనాటికీ ఒక్కరూ చూపలేదు.

ఆవిడ బడిలో టీచరు. శనివారం వచ్చిందంటే చర్చి కింద గది తలుపు తీసేది. మూతబడుతున్న బార్బరు షాపు కుర్చీ, రైళ్ళలో పోర్టర్లుగా పనిచేసినవారి టోపీలు, వేసవి ప్రార్థనల్లో విసురుకున్న అట్ట విసనకర్రలు, ఎవరివో పెళ్ళి ఫోటోలు, ఏది ఎవరు పారేయబోయినా వాళ్ళ చేతుల్లోంచి లాక్కొచ్చి అక్కడ పెట్టేది. ముసలివాళ్ళను కూర్చోబెట్టి టేపురికార్డరు నొక్కేది, వాళ్ళు గొప్పలకు పోతే, మీ అక్క ఇలా చెప్పలేదే అని అక్కడికక్కడే పట్టుకునేది. ఆధారం లేని మాటను ఆ గదిలోకి రానిచ్చేది కాదు.

మన ఊరి వాద సభల్లో కులం మీద గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఒకనాడు మా ఊరి దళితవాడ సంగతులు చెబుతుంటే శాంతంగా విని, అందరినీ పిలిచినట్టే నన్నూ పిలుస్తూ, "హనీ, మీ ఊళ్ళో వాళ్ళ ఇళ్ళు ఏ వైపు ఉండేవి?" అని అడిగింది. ఊరికి తూర్పున, విడిగా, అన్నాను. "ఆ గీత ఎవరు గీశారు?" అంది. నా దగ్గర జవాబుంది గాని రుజువు లేదు. ఆవిడ దగ్గర రుజువు ఉంది. జెర్సీ సిటీ పాత పటం ఒకటి పరిచింది. ఆ పేట మొత్తానికీ ఎర్రరంగు పూసి ఉంది. ఆ రంగు లోపలివాళ్ళకు ఇంటి అప్పు ఇవ్వవద్దని ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళు పెట్టుకున్న గుర్తు అది. అప్పు ఇవ్వక ఇళ్ళు పాడుపెట్టారు, పాడుపడ్డ ఇళ్ళను చూపి ఏరియా మంచిది కాదన్నారు. మనం విమానం దిగి సూట్‌కేసు విప్పకముందే ఆ మాట నేర్చుకున్నాం. 'వాడ' అనడం అలవాటైన నోటికి 'ఏరియా' అనడం ఎంతసేపు?

మొన్న ఆ సన్మానమూ చూశాను. జ్యోతి వెలిగించారు, స్పాన్సర్లు తమ గురించి తాము మాట్లాడుకున్నారు, ఆవిడ భుజాల మీద శాలువా కప్పి చేతిలో ఏనుగు బొమ్మ పెట్టారు. చిట్టచివర మైకు అందింది. ఆవిడ ఒక్కటే అడిగింది. మోకాళ్ళు మెట్లు దిగనివ్వడం లేదు, శనివారాలు గది తెరిచే మనుషులు దొరక్కపోతే చర్చివాళ్ళు అన్నిటినీ పెట్టెల్లో కుక్కి గోడౌనుకు పంపేస్తారు, మీలో ఎవరు వస్తారు? హాలంతా పక్కన పేర్చిన ప్లేట్ల వైపు చూసింది.

"సో ఇన్‌స్పైరింగ్, మేడమ్. ఫ్రెండ్స్, డిన్నర్ రెడీ, లైన్‌లో రండి ప్లీజ్," అంది యాంకరమ్మ.

బిర్యానీ దగ్గర బావమరిదిని పట్టుకున్నాను.

"బావా, మీరు మళ్ళీ స్టార్ట్ చేయకండి. పిల్లలకి కాలేజీ అప్లికేషన్ల కోసం వాలంటీర్ అవర్స్ కావాలంటే పంపుదాం లెండి. కానీ ఆ ఏరియాకి అంటే పేరెంట్స్ ఒప్పుకోరు."

"మీ అక్క కాపురానికొచ్చింది ఆ ఏరియాకే. జాబ్ వచ్చేదాకా నువ్వు పడుకున్నది ఈ పెద్దావిడ సోఫా మీదే."

"అప్పుడు వేరు, బావా."

"అవును. అప్పుడు నీకు కారు లేదు."

ఇప్పుడు ఆ పేట అంచుదాకా అపార్ట్‌మెంట్ టవర్లు లేచాయి. ఇళ్ళ బ్రోకర్లు అటువైపు భాగానికి కొత్త పేరు పెట్టగానే అది మంచి ఏరియా అయిపోయింది, మనవాళ్ళే ఎగబడి కొంటున్నారు. వేసవి సాయంత్రాలు గుమ్మం మెట్ల మీద కూర్చుని, నా భార్య పేరును రోజుకో తీరున తప్పుగా పలుకుతూ, కూరలో ఏం వేసిందని అడిగిన ఆ ముసలమ్మలు లేరు. ఆ గొంతులు మిగిలి ఉన్నది ఆ గదిలోని టేపుల్లోనే.

ఆ గది తాళంచెవి ఒకటి నేను తీసుకున్నాను. నావీ ముసలి మోకాళ్ళే, ఒక్కడితో అయ్యే పని కాదు. మీరు ఈ శనివారం రండి. శాలువాలు ఇంట్లో పెట్టి రండి. కారు ఆ వీధిలోనే, చర్చి ఎదురుగానే ఆపండి.