బోరబండ హాలులో శనివారం సినిమాలు

మొన్న రాయదుర్గం మెట్రో స్టేషన్లో కూర్చున్నప్పుడు, మెడలో ఆఫీసు కార్డు ఉన్న ఒక అమ్మాయి ఫోన్లో పాత నలుపు తెలుపు విదేశీ సినిమా చూస్తూ కనిపించింది. ట్రాములూ, ఫ్యాక్టరీ గేటు ముందు గుమిగూడిన జనమూ ఆ చిన్న తెర మీద కదులుతుంటే, నేను ఈ ఊరికి కొత్తగా వచ్చిన రోజులు గుర్తుకొచ్చాయి.

కాకినాడ నుంచి వచ్చి మాదాపూర్లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. అప్పటికింకా చుట్టూ బండరాళ్లే, వాటి మధ్య అక్కడక్కడా అద్దాల భవనాలు లేస్తుండేవి. హాస్టల్లో నా గదిలో ఉండే ఆమెది రాత్రి షిఫ్టు కావడంతో మేమిద్దరం ఎదురుపడేదే తక్కువ. వారమంతా ఆఫీసు మాటలే తప్ప సొంత మాట ఒక్కటీ నోట్లోంచి వచ్చేది కాదు. బోరబండలో ఒక రిటైర్డ్ మాస్టారు చర్చి వెనక హాలులో శనివారాలు ప్రపంచ సినిమా పాఠాలు చెబుతారని విని, సినిమా మీద కన్నా మనుషుల మీద ఆశతోనే వెళ్లాను.

నగరాల్లో బతుకులు, కూలీల సమ్మెలు, ఖాళీ చేయించిన పేటలు, ఆయన చూపించేవన్నీ అలాంటి సినిమాలే. మధ్యలో ఆపి, ఈ వీధిని మనం ఎవరి కిటికీలోంచి చూస్తున్నామో చెప్పమనేవారు. ఆయన అక్కగారికి ఇంగ్లీషు రాదు కనుక, పక్కన కూర్చుని తెర కింద వచ్చే ఇంగ్లీషు మాటలు తెలుగులో మెల్లగా చెప్పే పని నాకు అప్పగించారు. ఆవిణ్ణి పెద్దమ్మా అనేదాన్ని. నిజానికి వారం మొత్తంలో నేను మనసు పెట్టి మాట్లాడే మాటలు అవే.

ఒక శుక్రవారం మా కంపెనీలో కొందరిని పిలిచి ఆఫీసు కార్డులు వెనక్కి తీసుకున్నారు. వాళ్లలో నేనూ ఉన్నాను. ఇంటికి చెప్పే ధైర్యం లేక, మర్నాడు అలవాటుగా హాలుకే వెళ్లాను. ఆ రోజు సినిమాలో ఉద్యోగం పోయిన ఒక టైపిస్టు, గది అద్దెకిచ్చిన ఇంటావిడకు తెలియకూడదని రోజూ పొద్దున్నే ముస్తాబై బయల్దేరి, సాయంత్రం దాకా ఊరంతా తిరుగుతుంటుంది. సగంలో నేను చెప్పడం ఆపేశాను.

“ఏందమ్మా, ఆపినవ్? ఏమంటున్నది ఆ పిల్ల?” అంది పెద్దమ్మ.

“నా ఉద్యోగం కూడా పోయిందండి, నిన్ననే.”

ఆవిడ ఇక తెర వైపు చూడలేదు. నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. దీపాలు వెలిగాక మాత్రం, “సోమవారం నువ్వు గట్ల తిరగకు. మా ఇంటికి రా. ఫికర్ జెయ్యకు” అంది.

వెళ్లాను. పచ్చిపులుసుతో అన్నం పెట్టి, తమ్ముడి చేత ఇంట్లో టీవీ మీద ఆ సినిమా మిగతా సగం వేయించింది. చివరికి తేలిందేమిటంటే, ఇంటావిడకు మొదటి రోజే అంతా తెలుసు. ఊరుకోవడం ఆమె మంచితనమా అని మాస్టారు పాఠంలోలాగే అడిగారు.

“తెలిసి గూడ అడగనిది, గదేం మంచితనం తమ్మీ?” అంది పెద్దమ్మ.

ఆ సాయంత్రమే సందు చివర బూత్ నుంచి నాన్నకు ఫోన్ చేసి చెప్పేశాను. అన్నం తింటున్నావా అని అడిగారు. ఇంకో ఉద్యోగం దొరికేదాకా నా పగళ్లన్నీ ఆ రెండు గదుల ఇంట్లోనే గడిచాయి.

ఆ అక్కా తమ్ముళ్లిద్దరూ పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నేను మదీనాగూడలో ఒక్కదాన్నే ఉంటున్నాను. మా అంతస్తులో ఎవరింట కష్టం వచ్చినా వాట్సాప్‌లో చేతులు జోడించిన బొమ్మలు వరసగా వస్తాయి, నేనూ ఒకటి పెడతాను. తలుపు తట్టి అడగడం మాత్రం ఎవరికీ మర్యాదగా తోచదు. నా తలుపు కూడా ఎవరూ తట్టరు.