కొళాయి దగ్గర మూకీ సినిమా

నా చిన్నప్పుడు బెంగళూరు పక్కన యలహంకలో మా వఠారమంతటికీ ఒకటే కొళాయి, దానికి ఒకడే చక్రవర్తి, మా ఇంటి ఓనరు. ఆయన పొట్ట వీధి మలుపు తిరిగిన కాసేపటికి గానీ ఆయన తిరిగేవాడు కాదు. ఒకరోజు మా అమ్మ నీళ్ల బిందెతో బురదలో జారి పడింది. ఆయన అయ్యో అనకపోగా, ఆమె పడిన తీరును వారమంతా వచ్చేపోయేవాళ్లకు నటించి చూపించాడు. అమ్మ సిగ్గుతో కొళాయి వైపే వెళ్లడం మానేసి, పక్క వీధి బావి నుంచి నీళ్లు మోయసాగింది.

నా కడుపులో రగిలిన మంట మీద బెంగళూరంతటికీ వంట చేయొచ్చు. అరటి తొక్క పట్టుకుని ఆయన గడప దగ్గరికి బయల్దేరితే మా తాతయ్య ఆపేశాడు. మూకీ సినిమాల కాలంలో తాతయ్య డేరాల్లో తెర పక్కన నిలబడి, బొమ్మల కథను తెలుగులోనూ కన్నడంలోనూ అరిచి చెప్పేవాడు. లోకంలో మనిషి ఎన్ని రకాలుగా పడగలడో అన్నీ చూసేసినవాడు.

"కాలు విరిగితే జనం వానికే అయ్యో అంటారప్పా. వాని దర్జా పడాల. అది వానికి తప్ప అందరికీ కనపడాల. ఇంగోటి, నువ్వు నవ్వితివా, ఆట చెడిపోతాది."

పెరట్లో తాతయ్య నాకు ఓనరు నడక నేర్పాడు. పొట్ట ముందుకు, పాదాలు పక్కలకు, చేతులు వెనక్కి. ఆయన తిరిగి చూస్తే పారిపోకూడదట. నేనూ వెనక్కి తిరిగి, ఎవరా నవ్వింది అని వెతకాలట.

ఆదివారం పొద్దున అమ్మను తాతయ్యే బతిమాలి కొళాయికి పంపాడు. ఓనరు తనిఖీకి వచ్చాడు. వెనకే నేను, బక్క చక్రవర్తిని. బిందెల వరుస కిసుక్కుమంది. ఆయన తిరిగాడు, నేనూ తిరిగాను. ఆయన పంచె సర్దుకున్నాడు, నేను లేని పంచె సర్దుకున్నాను.

"ఏంటికి నవ్వేది? నా మొగంలో ఏముండాది?" అని గర్జించాడు.

"మొగంలో ఏమీ లేదు స్వామీ, మీరు నడవండి," అంది పక్కింటి అక్క.

నడిచాడు. అప్పుడు నవ్వింది మా అమ్మ. బిందె పొర్లిపోతున్నా పట్టించుకోకుండా, నిటారుగా నిలబడి, ఆయన ముఖంలోకే చూస్తూ నవ్వింది. అంత మనిషికీ ఏ కాలు ముందు వేయాలో తెలియలేదు. గోడ పట్టుకుని ఇంటికి పోయాడు.

నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. పడినవాళ్లను చూసి ఏ పెద్దమనిషైనా నవ్వితే నేను వాదనకు దిగను. చప్పుడు చేయకుండా వెళ్లి ఆయన వెనక నిలబడతాను. ముఖాన నవ్వు మాత్రం రానివ్వను.