అన్నం మానిన ఏడాది

నా గొంతు మారిందని మొదట కనిపెట్టింది మా అత్త. "ఏందే, మొగోని లెక్క బొంగురుగ మాట్లాడుతున్నవ్?" అంది ఒక పొద్దున. నేను పట్టించుకోలేదు. ముంబై దగ్గర భివండిలోని టెంఘర్‌లో మా ఇల్లు, ఇంటి వెనకే షెడ్డు, అందులో మా సాంచాలు. మరమగ్గాలను మావాళ్లు సాంచాలనే అంటారు. ఆ చప్పుడులో మాట వినబడాలంటే అరవాల్సిందే కాబట్టి, అరిచి అరిచి గొంతు పోయిందనుకున్నాను.

కానీ మార్పు గొంతుతో ఆగలేదు. కండెలు చుట్టే మిషన్ ముందు కూర్చుంటే చాలు, నిద్ర ముంచుకొచ్చేది. దారం తెగిపోయి కండె ఉత్తదే తిరుగుతున్నా నాకు తెలిసేది కాదు. తినేది ఎప్పటంతే, ఒళ్లు మాత్రం పెరుగుతూ పోయింది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా వచ్చేది. నాకప్పటికి నలభై ఇంకా నిండలేదు. మా నాలుగురోడ్ల నాకా మీది డాక్టర్ రక్తం పరీక్ష చేయించి థైరాయిడ్ అన్నాడు. గోలీలు మొదలుపెట్టాక నిద్రమత్తు కొంచెం విడిచింది. ఆ మరుసటేడు విపరీతమైన దాహం పట్టుకుంది. మళ్లీ పరీక్ష చేస్తే షుగర్ అని తేలింది. దానికి ఇంకో గోలీ వచ్చి చేరింది. గోలీలు వేసుకుంటూనే ఉన్నాను, షుగర్ మాత్రం దిగిరాలేదు.

చివరికి మా ఆయన నన్ను ఠాణేలో ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆమె నా రిపోర్టులు పక్కన పెట్టి, పొద్దున లేచింది మొదలు ఏమేం తింటానో చెప్పమంది. నా బజారు హిందీలో అంతా చెప్పాను. పొద్దున చాయ్‌లో పావ్, పదింటికి మళ్లీ చాయ్, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం కారప్పూసలాంటి ఏదో ఒక ఫర్సాన్, రాత్రి అన్నం. కూర ఎంత అని అడిగింది. అన్నం తడిసేంత అన్నాను. ఆమె నవ్వింది.

ఆమె చెప్పిన తిండికి కీటోజెనిక్ అని పేరు. అన్నం, రొట్టె, చక్కెర, ఆలుగడ్డ మానేయాలి. గుడ్లు, మాంసం, పనీర్, ఆకుకూరలు, నెయ్యి తినాలి. పిండిపదార్థం అందకపోతే ఒళ్లు తన కొవ్వునే కరిగించి వాడుకుంటుందట. రెండు మాటలు మాత్రం గట్టిగా చెప్పింది. థైరాయిడ్ గోలీ ఎట్టి పరిస్థితుల్లో ఆపొద్దు. కాళ్లూ చేతులూ వణికితే వెంటనే చక్కెర నోట్లో వేసుకుని తన దగ్గరికి రావాలి. షుగర్ గోలీ కొద్దిగా తగ్గించి రాసింది.

ఇంటికొచ్చి సంగతి చెబితే అత్త ఉన్నచోటే కూలబడింది. "అన్నం తినకుంట బతుకుతరే ఎవలన్న? నా ఇంట్ల అన్నం లేదని ఊరంత అనుకోరా?"

"ఊరేమనుకుంటె నాకేంది అత్తమ్మా? పరీక్షలకు సూదులు పొడిపించుకునేది నేను," అన్నాను.

అత్త మూతి తిప్పుకుంది. మా ఆయన చెప్పులేసుకుంటూ, "దాన్ని చెయ్యనియ్యే అమ్మా. బాగైతె మనకే మంచిది," అని షెడ్డులోకి వెళ్లిపోయాడు.

మొదటి వారం చాలా కష్టమైంది. తల పగిలిపోయేది, పిక్కల్లో సత్తువ ఉండేది కాదు. కుక్కర్ విజిల్ వేసి అన్నం వాసన వచ్చిందంటే నేను వాకిట్లోకి వెళ్లి నిలబడేదాన్ని. డాక్టరమ్మ చెప్పినట్టు ఉప్పేసిన మజ్జిగ, మేక ఎముకలు మరిగించిన బొక్కల చారు తాగుతుంటే తలనొప్పి తగ్గింది. తర్వాత వంటలో నా తెలివి పని చేయడం మొదలైంది. మెంతికూరలో గుడ్లు కొట్టి పోసి వేయించేదాన్ని. ఆనపకాయను సన్నగా తురిమి, నెయ్యిలో మగ్గించి, దాని మీద మటన్ కూర వేసుకుంటే అన్నంలో కలుపుకున్నట్టే ఉండేది. శనివారం నీసు ముట్టని ఇల్లు మాది, ఆ రోజు బర్రెల తబేలా నుంచి తెచ్చిన పాలు విరగ్గొట్టి పనీర్ చేసుకునేదాన్ని. అత్త దూరం నుంచే వాసన చూసేది, అడిగేది కాదు.

రెండు నెలలు తిరిగేసరికి జాకెట్లు వదులయ్యాయి. మిషన్ ముందు కూర్చుంటే నిద్ర రావడం మానేసింది. దారం తెగిన మరుక్షణమే కంటికి కనబడేది. సాంచాలు నడిపే కారిగర్లు కండెల కోసం నన్ను పిలవాల్సిన అవసరం లేకుండా పోయింది, వాళ్లు అడిగే ముందే బుట్ట నిండి ఉండేది.

సద్దుల బతుకమ్మ నాడు మాత్రం పెద్ద గండం వచ్చింది. మా గల్లీ ఆడవాళ్లందరం మైదానంలో బతుకమ్మలు పెట్టి చుట్టూ తిరుగుతున్నాం. పువ్వులు పేర్చే హడావిడిలో నేను ఆ రోజంతా సరిగ్గా తినలేదు, పొద్దున వేసుకోవాల్సిన షుగర్ గోలీ మాత్రం వేసుకున్నాను. ఆడుతుండగా ఒక్కసారి చెమటలు కమ్మాయి. చేతులు వణికాయి, చప్పట్లు ఒకదానికొకటి తగలడం లేదు. అందరి మధ్యలో కూర్చుండిపోయాను. మాట్లాడదామంటే నోరు తిరగలేదు.

మా పక్క ఖోలీలో ఉండే మరాఠీ ఆవిడ బతుకమ్మ ఆట చూడడానికి వచ్చి అక్కడే ఉంది. ఆమె భర్తకూ షుగరే. "సాఖర్ ద్యా తిలా, సాఖర్!" అని అరుస్తూ పరుగెత్తి చక్కెర నీళ్లు తెచ్చి, నా తల పట్టుకుని గుక్క గుక్కగా తాగించింది. కాసేపటికి చూపు నిలిచింది. చూస్తే చుట్టూ మనుషులే. ఎవరు ఏమంటున్నారో అన్నీ వినబడుతున్నాయి.

"కడుపు మాడ్చుకుంటె గట్లనే అయితది."

"గంత మంచి మనిషి, ఏందీ పిచ్చి?"

అత్త ఏడుస్తూ ఇంటికి తీసుకొచ్చి పళ్లెం నిండా అన్నం పెట్టింది. మా ఆయన కూడా ఈసారి అత్త వైపే ఉన్నాడు. "బంద్ చెయ్యి ఇగ. నీకేమన్న అయితె మేమెట్ల?" అన్నాడు.

నేను ఆ పళ్లెంలో కొద్దిగా తిన్నాను. అత్త చెయ్యి వదలకుండా అన్నాను: "రేపు డాక్టరమ్మ దగ్గరికి పోదాం. ఆమె మానుమంటె మానుత. గల్లీల ఆడోళ్లు మానుమంటె మాన."

మరునాడు అత్త కూడా మాతో ఠాణే బస్సెక్కింది. డాక్టరమ్మతో కొట్లాడడానికే వచ్చిందని నాకు తెలుసు. రక్తం పరీక్ష చూసి డాక్టరమ్మ అంది, "గోలీ జ్యాదా హో గయీ." నా ఒంట్లో షుగర్ దిగివచ్చింది, గోలీ మాత్రం మొదట రాసిన లెక్కలోనే ఉంది, దానికి తోడు ఆ రోజు తిండి తప్పింది. అందుకే పడిపోయాను. రెండు వారాల ముందే పరీక్షకు రావాల్సిందని కోప్పడి, షుగర్ గోలీ సగానికి సగం తగ్గించింది. నేను అత్తకు తెలుగులో చెప్పాను. బస్సులో అత్త అడిగింది, "అంటె, రోగం తగ్గినందుకే పడ్డవా?"

"గంతే అత్తమ్మా."

"ఏమో తల్లీ," అని కిటికీ వైపు తిరిగింది.

చలికాలంలో ఇంకో చిక్కు వచ్చింది. చేతులు చల్లబడేవి, జుట్టు మళ్లీ ఊడింది. డాక్టరమ్మ థైరాయిడ్ గోలీ కొంచెం పెంచింది. ఇంత కఠినమైన పత్యం ఇక చాలు, మధ్యాహ్నం ఒక చిన్న జొన్నరొట్టె తినమంది. ఆ మాట వినగానే అత్త ముఖం వెలిగిపోయింది. జొన్నరొట్టె కొట్టడంలో ఆమెను మించినవాళ్లు మా చుట్టాల్లో లేరు. ఆనాటి నుంచి రొట్టె ఆమె చేతిది, కూర నాది.

వేసవిలో మా చుట్టాల పెళ్లయింది, ఇక్కడే ఒక హాల్లో. వడ్డించే మనిషి గంటె నిండా అన్నం తీసుకుని నా విస్తరి మీదికి వంగాడు. నేను చెయ్యి అడ్డం పెట్టేలోపే ముగ్గురు మనుషుల అవతల కూర్చున్న అత్త గొంతు హాలంతా వినబడింది.

"అరే, ఆమెకు అన్నం ఎయ్యకు! మటన్ ఎయ్యి, బొక్కలు కాదు, మంచి ముక్కలెయ్యి!"

పక్కనున్న ఆవిడ ఎందుకని అడిగింది. అత్త తినడం ఆపి ఆమెకు మొదటి నుంచీ వివరించడం మొదలుపెట్టింది. థైరాయిడ్ అనే మాట ఆమెకు నోరు తిరగదు, గొంతు పట్టుకుని చూపించింది. చివరికి వేలు చూపించి మరీ చెప్పింది, "నువ్వు చేస్తె మాత్రం డాక్టర్‌ను అడిగి చెయ్యి. మా కోడలు గట్లనే చేసింది." నేను తల వంచుకుని ముక్కలు తిన్నాను. చాలా రుచిగా ఉన్నాయి.