ఇస్సాకు చెవి

దిల్‌సుఖ్‌నగర్ ఇస్సాకు దేన్నయినా వేలి కణుపుతో తట్టి, చెవి ఒగ్గి, అసలో నకలో తేల్చనిదే వదిలేవాడు కాదు. పెళ్ళినాడు మామగారు పెట్టిన ఇత్తడి బిందెను పాదిరిగారి ముందే తట్టి "నకల్" అన్నాడు. అత్తగారు చాన్నాళ్ళు అతనికి కూర వడ్డించలేదు. పాదిరిగారి గుడికి ఒక పెద్దమనిషి ఇచ్చిన టేకు బెంచీని తట్టి "మామిడి చెక్క" అన్నాడు. ఆ పెద్దమనిషి గుడే మార్చేశాడు.

"జర నోరు మూసుకోరాదా?" అని భార్య ఎలీశమ్మ మొత్తుకునేది.

"నేనేం జెయ్య? చెవి చెప్తున్నది."

పక్క వాటాలో కిరాయికున్న గుమాస్తా పట్టాభిది గుంటూరు. వాళ్ళిద్దరినీ కలిపింది బేస్ గిటారు. పట్టాభిది జర్మనీ నుంచి తెప్పించింది, లోపల బోలుగా ఉండే రకం. పెళ్ళి వాయిదా వేసుకుని మరీ కొన్నాడు మహానుభావుడు. ఇస్సాకుది దాన్ని చూసి, ఇప్పుడు ఎల్బీనగర్ అంటున్న వైపుండే వడ్రంగి మట్టయ్య చేసిన ప్లైవుడ్డు నకలు. చూపుకి రెండూ కవలలే. ఆదివారం వచ్చిందంటే ఇస్సాకు రెండింటినీ తట్టాల్సిందే.

"నీది తడితే లోపలి గాలి సుత పాడుతది పంతులూ. నాది బియ్యం డబ్బ."

ఆ మాట వినడానికే పట్టాభి ఆదివారం కోసం ఎదురుచూసేవాడు.

అంతలో అరవై తొమ్మిది వచ్చిపడింది. ప్రత్యేక తెలంగాణ కోసం లేచిన పిల్లల మీద తుపాకులు పేలాయి. పాడెలు లేచాయి, కర్ఫ్యూ దిగింది. ముల్కీ అంటే ఇక్కడివాడు. బయటివాళ్ళు నకిలీ ముల్కీ కాగితాలతో కొలువులు కాజేశారని ఊరు మండిపోతోంది. ఆ కోపంలో న్యాయముందని పట్టాభికీ తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా? గిటారు చంకన పెట్టుకుని ఇస్సాకు ఇంట్లో దూరాడు.

ఆ మధ్యాహ్నమే సరూర్‌నగర్ బాలమల్లు గుంపుతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతని పెళ్ళి గడియారం నకలని తేల్చింది ఇస్సాకే.

"కాకా, గీయన ఎవరు? ముల్కీయేనా?"

పట్టాభి నోరు తెరిస్తే గుంటూరు బయటపడుతుంది. ఇస్సాకు నింపాదిగా వచ్చి అతని రొమ్ము మీద తట్టి, చెవి ఆనించాడు.

"అసల్. మా ఎలీశమ్మ దిక్కు చుట్టం."

"మరి గా గిటారు? విలాయతిదా?"

తట్టాడు. "నకల్. మట్టయ్య పని. బియ్యం డబ్బ."

అంత ప్రాణభయంలోనూ పట్టాభికి ఒళ్ళు మండిపోయింది. ఎదురు చెప్పబోయి పెదవి కదిపాడు. ఇస్సాకు అతని కాలు గట్టిగా తొక్కాడు.

"కాకా అన్నడంటే అంతే," అన్నాడు బాలమల్లు. గుంపు వెళ్ళిపోయింది.

పట్టాభి గిటారును ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఇస్సాకు గారూ, మీ చెవి అలా ఎలా చెప్పిందండీ?"

ఇస్సాకు తలుపు గడియ పెట్టాడు.

"పొద్దుగాల నుంచి చెవికి జర జలుబు చేసింది పంతులూ," అన్నాడు. "రా, అన్నం తిందాం."