అగరబత్తి చూపించిన కంప్యూటర్

మా పాపకు జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయి. అందుకే వారంలో సగం రోజులు ఉదయగిరిలో ఇంటి నుంచే పని చేసుకోనివ్వమని మా సార్‌ని అడిగాను. ఆత్మకూరులో ఆయనది చిన్న ఆఫీసు. మా ఉదయగిరి కొయ్య గరిటెలు, స్పూన్లు బయటి ఊళ్ల షాపులకు పంపుతారు. ఆర్డర్లన్నీ మెయిల్లో వస్తాయి, జవాబులు రాసేది నేను. "చూద్దాంలే" అని ఒప్పుకున్నారు.

ఆఫీసు కంప్యూటర్లో ఉన్నట్టే ఇంట్లో లాప్‌టాప్‌లోనూ మెయిల్ పెట్టుకున్నాను. అయినా ఇంట్లో ఉన్న రోజు కొన్ని మెయిళ్లు వచ్చేవి, కొన్ని వచ్చేవి కావు. రానివి ఉన్నాయని నాకెలా తెలుస్తుంది? హైదరాబాదు షాపాయన సార్‌కి ఫోన్ చేసి కోప్పడ్డాక తెలిసింది.

"ఇంట్లో కూర్చుంటే మెయిల్ కనపడదా ఏందమ్మా? కుదరకపోతే చెప్పు, రోజూ రా" అన్నారు సార్.

రోజూ అంటే పొద్దున బస్సెక్కితే మళ్లీ చీకటి పడ్డాకే పాపను చూడటం. ఆ మాట విన్నప్పటి నుంచి దాని నుదురు ముట్టుకుని చూడటం ఎక్కువైంది.

"చల్లంగానే ఉండాది. ఊరికే తడిమి దాన్ని లేపబాకమ్మా" అని మా అత్త కసిరేది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లి చూస్తే, నాకు రాని మెయిళ్లన్నీ అక్కడి కంప్యూటర్లో ఉన్నాయి. నేను లేని రోజు అది ఆఫ్‌లోనే ఉంటుందనుకున్నాను.

"దీన్నెవరు ఆన్ చేస్తున్నారు సార్?"

"నేనే. పొద్దున్నే దీపం పెట్టి, దానికీ అగరబత్తి చూపించి ఆన్ చేస్తా. మిషన్ చీకట్లో ఉంటే గిరాకీ ఎట్లొస్తాది?"

"మరి మెయిళ్లు చూశారా?"

"దాంట్లో నాకేం తెలుసు? ఆన్ చేసి గోడౌనుకు పోతా."

నవ్వు ఆపుకున్నాను. ఆన్ కాగానే మెయిల్ ప్రోగ్రాం తనంతట తానే తెరుచుకుని, వచ్చినవాటిని తనలోకి దించుకుని, సర్వర్లో తుడిచేస్తోంది. ఇంట్లో లాప్‌టాప్‌దీ అదే పద్ధతి. రెంటిలో ఏది ముందు అడిగితే దానికే మెయిల్. ఆన్ చెయ్యొద్దని ఆయనకు చెప్పలేను. రెండింట్లోనూ సెట్టింగు మార్చాను. ఇక మెయిళ్లు సర్వర్లోనే ఉంటాయి, రెండూ అక్కడి నుంచే చూపిస్తాయి. ఒకదాంట్లో జవాబు రాస్తే రెండోదాంట్లోనూ కనిపిస్తుంది.

తర్వాత ఇంట్లో ఉన్న రోజు పొద్దున్నే ఫోన్ చేశాను.

"అగరబత్తి చూపించారా సార్?"

"చూపించినా. ఏం, వద్దంటావా?"

"వద్దన్లేదు సార్. ఇప్పుడే బెంగళూరు నుంచి ఆర్డరొచ్చింది. జవాబు కూడా రాసేశాను. మీ పక్కనున్న కంప్యూటర్లో కనిపిస్తుంది, చూడండి."

కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

"ఆ, ఉండాది" అన్నారు. "సరే, ఇట్నే కానీ. పాప జాగ్రత్త."

లాప్‌టాప్ పక్కనే పాప బోర్లా పడుకుని ఉంది. మధ్యాహ్నం అన్నం కలుపుతుంటే గుర్తొచ్చింది, పొద్దుటి నుంచి దాని నుదురు ఒక్కసారి కూడా ముట్టుకోలేదని.